నీటి ధర్మాల మీద సైన్స్ ఎగ్జిబిషన్: ఏం చూపించాలి, ఎక్కడ తప్పుతుంది?

అడిగినది: "మాది తిరుపతి. మా పాప 9వ తరగతి. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కి ‘నీటి ధర్మాలు, జీవులకు వాటి అవసరం’ అని ఇచ్చారు. పుస్తకంలో తొమ్మిది పది ధర్మాలు ఉన్నాయి. చార్టు రాసి బట్టీ పట్టించడం నాకిష్టం లేదు. ఇంట్లో ఉండే సామాన్లతో ఏం చేసి చూపించొచ్చు? ఎందుకలా జరుగుతుందో పాప తన మాటల్లో చెప్పగలగాలి."

పది ధర్మాల జోలికి పోకండి. నాలుగు చాలు: నీటి మీద సూది తేలడం, నీళ్లు నెమ్మదిగా వేడెక్కడం, తడిగుడ్డ చల్లబడడం, రంగునీళ్లు పువ్వులోకి ఎక్కడం. ఒక్కొక్క ప్రయోగం పక్కన ఒక జీవిని పెట్టండి. పాప ముందుగా పట్టుకోవాల్సింది ఒక్క సంగతే. ఈ నాలుగూ వేర్వేరు ధర్మాలు కావు, నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల వచ్చేవే. అది అర్థమైతే జడ్జిలు ఏ వైపు నుంచి అడిగినా జవాబు దొరుకుతుంది.

ఆ పట్టు ఎలా వచ్చిందో చూద్దాం. నీటి అణువులో రెండు హైడ్రోజన్లూ ఆక్సిజన్‌కి చెరోపక్క తిన్నగా ఉండవు, 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటాయి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది కాబట్టి ఆ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం ఏర్పడతాయి. ఒక అణువు హైడ్రోజన్ పక్క అణువు ఆక్సిజన్‌ని ఆకర్షిస్తుంది. ఇదే హైడ్రోజన్ బంధం. అణువు లోపలి అసలు బంధంతో పోలిస్తే దీని బలం ఇరవయ్యో వంతు ఉంటుంది. ఇది తెగుతూ, క్షణంలో ఇంకో అణువుతో మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. అందుకే నీళ్లు పారతాయి, కానీ విడిపోవు.

ఈ పట్టు ఎంత బలమైనదో చెప్పడానికి ఒక పోలిక పాపకి నేర్పండి. హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు నీటి అణువుకి దాదాపు రెట్టింపు బరువు. మామూలుగా బరువైన అణువే ఎక్కువ వేడి దగ్గర మరగాలి. కానీ అది మైనస్ 60 డిగ్రీల దగ్గరే వాయువైపోతుంది, నీళ్లు 100 దాకా ఆగుతాయి. హైడ్రోజన్ బంధాలే లేకపోతే నీళ్లు సున్నాకు 70, 80 డిగ్రీల కిందే ఆవిరైపోయేవి. భూమి మీద చెరువూ ఉండేది కాదు, రక్తమూ ఉండేది కాదు.

సూది తేలడం

వెడల్పాటి గాజు గిన్నెలో మూడు వంతులు నీళ్లు పోయండి. చిన్న కుట్టు సూదిని పొడిగా తుడిచి, టిష్యూ కాగితం ముక్క మీద అడ్డంగా పెట్టి, ఆ ముక్కను మెల్లగా నీటి మీద వదలండి. కాగితం తడిసి మునుగుతుంది, సూది మిగులుతుంది. మునగకపోతే కాగితం అంచును ఇంకో సూదితో కిందికి నొక్కాలి. తేలిన సూదిని పక్కనుంచి, కంటిని నీటిమట్టానికి దించి చూడమనండి. సూది కింద నీటి ఉపరితలం పల్లంగా వంగి, బిగించిన పలచటి గుడ్డ మీద బరువు పెట్టినట్టు కనిపిస్తుంది. ఈ దృశ్యాన్ని జడ్జిలకి తప్పకుండా చూపించాలి. ఆ తర్వాత అగ్గిపుల్ల కొనకి పాత్రలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క అంటించి గిన్నె అంచు దగ్గర తాకిస్తే సూది చటుక్కున మునిగిపోతుంది.

ఇందులో తప్పేవి రెండు. ఒకటి, గిన్నెకి అంతకుముందు తోమిన సబ్బు మిగిలి ఉండడం. అప్పుడు సూది తేలనే తేలదు. గిన్నెని నాలుగైదు సార్లు కడగండి. రెండోది, మునిగేటట్టు చేయడానికి సబ్బుబిళ్ల అరగదీసి వాడడం. మన వైపు చాలా బోర్లలో నీళ్లు కఠినజలం. సబ్బు అందులోని కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు అయిపోతుంది, తలతన్యతను, అంటే నీటి పై పొర బిగువును, తగ్గించే పని సరిగ్గా చేయదు. లిక్విడ్ డిటర్జెంటుకి ఆ ఇబ్బంది చాలా తక్కువ.

దీని పక్కన పెట్టాల్సిన జీవి నీటి మీద పరుగెత్తే పురుగు అని అందరూ రాస్తారు. రాయొచ్చు. కానీ ఊళ్లో అందరికీ తెలిసిన ఉదాహరణ దోమ లార్వా. క్యూలెక్స్ దోమ లార్వా నీటిలో తలకిందులుగా వేలాడుతుంది. తోక దగ్గరున్న సన్న గొట్టం కొనతో నీటి పై పొరను పట్టుకుని గాలి పీలుస్తుంది. మురుగు కాలువల్లో, నిలవ గుంటల్లో మున్సిపాలిటీ వాళ్లు ఆయిల్ బాల్స్ వేసేది ఇందుకే. పలచటి నూనె పొర గొట్టాన్ని మూసేస్తుంది, నీటి పొర పట్టునూ తగ్గిస్తుంది. లార్వాకి వేలాడే ఆధారం, గాలి రెండూ పోతాయి.

పెద్ద ప్రశ్న వస్తే ఊపిరితిత్తుల గురించి చెప్పించండి. మన ఊపిరితిత్తుల్లోని గాలిగదుల లోపల పలచటి నీటి పొర ఉంటుంది. దాని తలతన్యత ఆ గదులను ముడుచుకుపోయేలా లాగుతూ ఉంటుంది. దాన్ని తగ్గించడానికి శరీరమే డిటర్జెంటు లాంటి పదార్థం ఒకటి తయారుచేసుకుంటుంది. దాని పేరు సర్ఫాక్టెంట్. సుమారు 34 వారాలు నిండకముందే పుట్టిన పిల్లల్లో ఇది చాలకపోవచ్చు, ఊపిరి అందక ఇబ్బంది పడతారు. అలాంటి పిల్లలకి ఆ పదార్థాన్నే మందుగా శ్వాసనాళంలోకి పంపిస్తారు. సూదిని ముంచిన చుక్కదీ, పసిబిడ్డను నిలబెట్టే ఆ మందుదీ ఒకే సూత్రం.

నెమ్మదిగా వేడెక్కడం

ఒక గ్రాము పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి కావాల్సిన వేడిని విశిష్టోష్ణం అంటారు. నీళ్లకి అది 4.18 జౌళ్లు. వంట నూనెకి సుమారు 2, ఇసుకకి 0.8, ఇనుముకి 0.45. వేడి పెట్టినప్పుడు దానిలో చాలా భాగం అణువుల పట్టును సడలించడానికి పోతుంది, అందుకే ఉష్ణోగ్రత నెమ్మదిగా పెరుగుతుంది.

ఒకే రకం స్టీలు గ్లాసులు రెండు తీసుకుని ఒకదానిలో 100 గ్రాముల నీళ్లు, ఇంకోదానిలో 100 గ్రాముల వేరుశనగ నూనె పోయండి. కొలత బరువులోనే ఉండాలి, ఎందుకంటే 100 మి.లీ. నూనె 91, 92 గ్రాములే తూగుతుంది. మంటను కదపకుండా ఒకే సన్నమంట మీద చెరి రెండు నిమిషాలు పెట్టి, పుల్లతో తిప్పుతూ, ల్యాబ్ థర్మామీటరుతో చూడండి. నూనె దాదాపు రెట్టింపు పెరుగుతుంది. 70 డిగ్రీలు దాటనివ్వకండి, పెద్దవాళ్లు పక్కనే ఉండండి. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, పగిలిపోతుంది.

స్టాల్ దగ్గర చూపడానికి బెలూన్ బాగుంటుంది. గాలి ఊదిన బెలూన్‌ని కొవ్వొత్తి మీద పెడితే టప్పున పేలుతుంది. ఇంకో బెలూన్‌లో 100 మి.లీ. నీళ్లు పోసి, తర్వాత కొంచెం గాలి ఊది, నీళ్లు ఉన్న చోట మంట తగిలేలా పట్టుకుంటే అర నిమిషం దాకా ఏమీ కాదు, మసి పడుతుంది అంతే. మంట నీటిమట్టానికి పైన రబ్బరు ఉత్తగా ఉన్న చోట తగిలితే పేలుతుంది. ఎక్కువగా తప్పేది అక్కడే. కింద ఒక టబ్బు పెట్టుకోండి.

జీవి మనమే. పెద్దవాళ్ల శరీరంలో సుమారు 60 శాతం నీళ్లు. మే నెలలో తిరుపతిలో బయట 40 దాటినా ఒళ్లు 37 దగ్గర నిలబడడానికి మొదటి అడ్డు ఈ నీళ్లే. ఊరికి కూడా ఇదే వర్తిస్తుంది. అదే మధ్యాహ్నం శ్రీహరికోట తీరంలో సముద్రపు గాలి తిరిగితే వేడి తగ్గుతుంది, తిరుపతిలో కొండరాళ్లు సాయంత్రం దాకా సెగలు కక్కుతాయి. సముద్రం పగలంతా వేడిని మింగి కూడా పెద్దగా వేడెక్కదు, రాయికి ఆ శక్తి లేదు.

తడిగుడ్డ, కుండ, చెమట

ఒకే సైజు నీళ్ల సీసాలు రెండు, రెంటిలో ఒకే కుళాయి నీళ్లు అర లీటరు చొప్పున. ఒకదానికి తడిపిన నూలుగుడ్డ చుట్టండి, ఇంకోదాన్ని అలాగే వదిలేయండి. రెండింటినీ నీడలో ఫ్యాను కింద పెట్టి ప్రతి పదిహేను నిమిషాలకి ఉష్ణోగ్రత రాసుకోవాలి. గుడ్డ ఆరుతుంటే మళ్లీ తడపాలి, అయితే తడిపే నీళ్లు గదిలో ఉంచినవే అయి ఉండాలి. ఫ్రిజ్ నీళ్లతో తడిపితే ప్రయోగం అబద్ధమైపోతుంది. పాలిస్టర్ గుడ్డ నీళ్లు పీల్చదు, వాడకండి.

30 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 2,430 జౌళ్లు కావాలి. అణువు తన చుట్టూ ఉన్న పట్టులన్నీ విడిపించుకుని పోవాలి కదా, దానికయ్యే ఖర్చు అది. ఆ వేడిని సీసా నుంచే తీసుకుంటుంది. పాపతో ఒక లెక్క వేయించండి. 100 మి.లీ. చెమట ఒంటి మీదే పూర్తిగా ఆరితే దాదాపు 240 కిలోజౌళ్లు పోతాయి. 60 కిలోల మనిషి ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 210 కిలోజౌళ్లు చాలు. అంటే ఒక చిన్న గ్లాసెడు చెమట ఒక డిగ్రీకి పైగా వేడిని తీసేస్తుంది. కారిపోయిన చెమట, తుడిచేసిన చెమట ఈ లెక్కలోకి రావు. ఆరిన చెమటే చల్లబరుస్తుంది.

ఎగ్జిబిషన్ ఏ నెలలోనో చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకి వానల కాలం, గాలిలో తేమ ఎక్కువ. ఎండాకాలంలో బాగా కనిపించే తేడా అప్పుడు ఒకటి రెండు డిగ్రీలకి పడిపోవచ్చు. దాన్ని దాచకుండా చార్టు మీద అలాగే రాయించండి, పక్కన కారణం రాయించండి. తేమ గాలిలో చెన్నైలో చెమట కారిపోతూనే ఉంటుంది గానీ ఒళ్లు చల్లబడదు అన్న అనుభవం ఇక్కడ అందరికీ ఉన్నదే. పాత కుండలో నీళ్లు చల్లబడకపోవడం కూడా ఇందులో చెప్పొచ్చు. మన కఠినజలంలోని ఉప్పులు కుండ సన్న రంధ్రాల్లో తెల్లగా పేరుకుని మూసేస్తాయి, నీళ్లు బయటికి ఊరవు.

పువ్వులోకి రంగు ఎక్కడం

నన్నడిగితే స్టాల్ మధ్యలో ఇదే పెట్టాలి. దీన్ని చాలామంది సగమే చేస్తారు, కారణం కూడా సగమే చెబుతారు.

పూలు ఎంచుకోవడంలోనే పని చెడుతుంది. అంగళ్లలో మూరల లెక్కన అమ్మే చామంతికి కాడ ఉండదు, బొకేలు కట్టే చోట కాడతో ఉన్న తెల్ల చామంతి గానీ తెల్ల గులాబీ గానీ అడగండి. నందివర్ధనం, గన్నేరు వద్దు, కోసిన చోట పాలు కారి నాళాలు మూసుకుపోతాయి. కాడను 15 నుంచి 20 సెం.మీ. ఉంచి, కొనను నీళ్లలో ముంచి పట్టుకుని, నీటిలోపలే బ్లేడుతో ఏటవాలుగా కోయాలి. గాలిలో కోస్తే నాళంలోకి గాలిబుడగ చొరబడి నీటి దారం తెగిపోతుంది. 100 మి.లీ. నీళ్లకి ఒక టీస్పూను నీలం లేదా ఎరుపు ఫుడ్ కలర్ కలపండి. నాలుగైదు గంటల్లో రేకుల అంచుల్లో గీతలు మొదలవుతాయి, తెల్లారేసరికి స్పష్టంగా ఉంటాయి.

పూర్తి చేయాలంటే రెండు పూలు పెట్టాలి. ఒకటి ఫ్యాను గాలికి, ఇంకోటి పువ్వు మొత్తం ప్లాస్టిక్ కవరు కప్పి, మెడ దగ్గర దారంతో కట్టి. గాలికి ఉన్న పువ్వులో రంగు ముందుగా, ముదురుగా వస్తుంది. కింద నీళ్లు ఒకటే, కాడ ఒకటే, మారింది పైనున్న ఆవిరే. అంటే లాగుతున్నది పైనుంచి. ఇంకొంచెం కచ్చితంగా చూపాలంటే ఆకులున్న మందార కొమ్మలు రెండు, సన్నటి సీసాల్లో నీళ్లు, పైన ఒక స్పూను నూనె పొర వేయండి. నూనె ఉంటే సీసా నుంచి నేరుగా ఆవిరి పోదు, తగ్గినదంతా కొమ్మ తాగినదే. నీటిమట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, 24 గంటల తర్వాత మళ్లీ గీయండి. ఒక కొమ్మకి ఆకులన్నీ తీసేసి, ఇంకోదానికి ఉంచితే తేడా బాగా తెలుస్తుంది.

ఇక కారణం. చార్టుల మీద అందరూ రాసే మాట ‘కేశనాళికీయత వల్ల చెట్లలో నీళ్లు పైకి ఎక్కుతాయి’. కేశనాళికీయత అంటే సన్న గొట్టంలో నీళ్లు తమంతట తాముగా పైకి ఎక్కడం. ఇది చాలదు. 0.2 మి.మీ. వెడల్పున్న గాజు గొట్టంలో నీళ్లు 15 సెం.మీ. దాకా ఎక్కుతాయి. చెట్టులో నీళ్లు మోసే భాగమైన దారువులో 0.04 మి.మీ. వెడల్పున్న నాళం అనుకుంటే 75 సెం.మీ., మనిషి నడుము దాకా కూడా రాదు. మన మామిడిచెట్టు పది మీటర్లు ఉంటుంది, అమెరికాలోని రెడ్‌వుడ్ చెట్టు 115 మీటర్లు దాటింది. అసలు పని జరిగేది ఆకులో. ఆకు రంధ్రాల నుంచి ఒక అణువు ఆవిరై పోతుంటే వెనకున్న అణువు దాని స్థానంలోకి లాగబడుతుంది, దాని వెనక ఇంకోటి, అలా వేరు దాకా. అణువుల పట్టు వల్ల ఆ నీటి దారం తెగదు. ఈ సిద్ధాంతాన్ని 1894లో డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ ప్రతిపాదించారు. సూదిని మోసిన పట్టే చెట్టు పైకి నీళ్లు లాగుతుందని పాప ఇక్కడ చెబితే నాలుగు ప్రయోగాలూ ఒక్కటవుతాయి.

దీని పక్కన శేషాచలం కొండల ఎర్రచందనం పెట్టండి. ఎండాకాలంలో అది ఆకు రాలుస్తుంది. నేలలో నీళ్లు తగ్గాక కూడా ఆకులు లాగుతూనే ఉంటే నాళాల్లో నీటి దారం తెగి బుడగలు పడతాయి, ఆ నాళం ఇక పనిచేయదు. ఆకు రాల్చడం ఆ నష్టాన్ని తప్పించుకునే దారి.

మంచు తేలడం గురించి చార్టులో నాలుగు లైన్లు చాలు. మంచులో అణువులు దూరదూరంగా అమరుతాయి కాబట్టి 100 మి.లీ. నీళ్లు గడ్డకడితే సుమారు 109 మి.లీ. అవుతాయి. కశ్మీర్ దాల్ సరస్సు మీద మంచు కట్టినా అడుగున చేపలు బతికేది మంచు పైనే తేలుతుంది కాబట్టి. మన చెరువులు గడ్డకట్టవు. ఇంట్లో చూపాలంటే ఒక టమోటాని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి పొద్దున బయట కరగనివ్వండి. మెత్తగా, నీళ్లు కారుతూ ఉంటుంది. మంచు స్ఫటికాలు కణాలను చీల్చేశాయి.

కరిగించే గుణానికి ఓఆర్ఎస్ ద్రావణం ఒక్కటి చాలు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ స్పూను అంచుకి సమంగా. పేగుల్లో గ్లూకోజు, సోడియం జతగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం, కొలత తప్పకూడదు.

చార్టులో ఈ మాటలు రాయకండి. ‘నీరు సర్వద్రావణి’: నూనె కరగదు, కరగదు కాబట్టే కొవ్వుతో చేసిన కణపు పొర నీళ్లలో నిలబడుతుంది. ‘ద్రవాలన్నిటిలో నీటికే తలతన్యత ఎక్కువ’: నీటిది మీటరుకి 72 మిల్లీన్యూటన్లు అయితే పాదరసానిది 485. ‘నీరు ఎక్కడైనా 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది’: సుమారు 850 మీటర్ల ఎత్తున్న తిరుమలలో 97 దగ్గరే మరుగుతుంది. దువ్వెన దగ్గరికి తెస్తే కుళాయి ధార వంగడాన్ని అణువు ధ్రువత్వానికి (ఒక వైపు రుణావేశం, ఇంకో వైపు ధనావేశం ఉండడానికి) రుజువుగా పెట్టడం కూడా వద్దు. ఆ వంపు ముఖ్యంగా ధారలో ప్రేరేపితమైన ఆవేశం వల్ల వస్తుంది. తెలిసిన జడ్జి అడిగితే పాప ఇరుక్కుంటుంది.

సమయం ఇలా చూసుకోండి. మందార కొమ్మలు రెండు రోజుల ముందు. పూలు ముందురోజు సాయంత్రం ఆరింటికి రంగులో. టమోటా ముందురోజు రాత్రి ఫ్రీజర్లో. స్టాల్ పెట్టిన వెంటనే తడిగుడ్డ సీసాలు మొదలుపెట్టాలి, గంటకి గానీ తేడా తెలియదు. సూది గిన్నె, బెలూన్ జడ్జిలు వచ్చినప్పుడు. సూదులు నాలుగైదు అదనంగా పెట్టుకోండి, ఒకసారి లిక్విడ్ తాకిన గిన్నెలో మళ్లీ తేలాలంటే కడిగి కొత్త నీళ్లు పోయాలి కాబట్టి రెండు గిన్నెలు ఉంటే మంచిది. పువ్వులు రెండూ స్కూలుకి తీసుకెళ్లేటప్పుడు కవరు కట్టినదానికి కవరు తీయకండి.